తక్కెడమ్మ తూచిన రెండో భాగం

ఆ ప్రచురణ సంస్థలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అచ్చుకు వచ్చిన రాతప్రతుల్ని చదివి, మంచీ చెడూ తూచి చెప్పడం ఆవిడ పని. అందుకని తక్కెడమ్మ. మెట్ల కింద గది, ఒక బల్ల, పట్టపగలు కూడా వెలిగే దీపం, పిడి విరిగిన కప్పులో ఎర్ర పెన్సిళ్ళు. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ రాజ్యం అంతే.

ఆవిడ తూకంలో ఒక తిరకాసు ఉంది. పుస్తకం నచ్చిందా, ఇక దాని అంతు చూసేది. కాగితాలకు కాగితాలు తప్పులు రాసేది. పనికిరానిదైతే ఒకే ఒక్క మాట: ‘బాగానే ఉంది.’ చచ్చినవాడికి జలుబు మందెందుకని ఆవిడ లెక్క. ఆవిడ ఉండే తమ్ముడి ఇంట్లోనూ ఇదే తంతు. కూర అద్భుతంగా కుదిరిన రోజున "ఉప్పు రవ్వంత ఎక్కువైంది, ఇంకాస్త మగ్గాల్సింది" అని సణిగేది. మరదలు మురిసిపోయేది. "బాగానే ఉంది" అందంటే మాత్రం మరదలు మారు మాట్లాడకుండా గిన్నె తీసేసి, "ఉండు వదినా, గుడ్డు వేయిస్తాను" అనేది.

సంస్థ యజమాని పెద్దాయన ఈ కిటుకు మొదట్లోనే పట్టేశాడు. ఆవిడ అభిప్రాయాన్ని చదివేవాడు కాదు, చేత్తో బరువు చూసేవాడు. "ఇన్ని కాగితాలా? అయితే వేసెయ్యండి" అనేవాడు. అలా వేసిందే నది కింద ఊరి కథ. కాలేజీలో చదివే ఒక అమ్మాయి రాసింది. పడవ నడిపే పదహారేళ్ళ పిల్ల, మునిగిపోయిన తమ్ముణ్ణి నది అడుగునున్న ఊరినుంచి వెనక్కి తెచ్చుకుంటుంది. తమ్ముడొస్తాడు గానీ, వాడి నీడ అక్కడే ఉండిపోతుంది. ఆ ఈడు పిల్లలు ఎగబడి చదివారు.

రెండో భాగం వచ్చేసరికి పెద్దాయన పోయాడు. ఆ కుర్చీలో అల్లుడు కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు, పాపం. రాసినదాన్ని రాసినట్టే చదువుతాడు, అంతే.

తక్కెడమ్మ రెండో భాగాన్ని ఇంటికి తీసుకెళ్ళి మరీ చదివింది. లోపాలు లేకపోలేదు. మొదటి భాగంలో నది దాటాలంటే ఒక జ్ఞాపకం సుంకంగా ఇచ్చుకోవాలి, ఇందులో అందరూ ఊరికే దాటేస్తున్నారు. మధ్యలో యుద్ధం ఎంతకీ తెగదు. రాకుమారుడితో ప్రేమ అతుకులబొంత. కానీ ఆ తల్లి ఉందే! నీడలేని కొడుకును చూసి భయపడుతుంది. ఆ భయం ఎవరికీ చెప్పదు, వాడి కంచం మాత్రం కాస్త దూరంగా పెడుతుంది. వాడు అది గమనించి కూడా గమనించనట్టు తింటాడు. తర్వాత ఒక అధ్యాయమంతా అక్క పడవకు పడ్డ చిల్లు పూడుస్తూ కూర్చుంటుంది. ఇంకేమీ జరగదు. తక్కెడమ్మ లేచి ముఖం కడుక్కుని వచ్చి, ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదివింది.

ఆ సంతోషంలో పెన్సిలు అరిగేదాకా రాసింది. సుంకం, యుద్ధం, రాకుమారుడు, అన్నీ. తల్లి గురించి ‘ఈమె కథను పక్కకు లాగుతోంది’ అనీ, చిల్లు అధ్యాయం గురించి ‘ఇక్కడ కథ ఆగిపోయింది’ అనీ రాసింది. రెండూ నిజమే. ఆ రెండూ లేకపోతే పుస్తకమే లేదన్న మాట మాత్రం రాయలేదు. మెప్పు రాసే అలవాటు ఆవిడకు ఏనాడూ లేదు మరి.

అల్లుడు అంతా శ్రద్ధగా చదివి, ఆ కాగితాల్ని రాతప్రతితో సహా అమ్మాయికి పంపించేశాడు. ఇవన్నీ సరిచేస్తే వేస్తాం, లేదంటే లేదు. సంగతి తెలిసి తక్కెడమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కింది.

"అన్ని తప్పులు రాశానంటే పుస్తకం బాగున్నట్టండీ" అంది.

అల్లుడు నవ్వాడు. "మరి బాగానే ఉందని రాసినవి?"

ఆ మాట నమ్మి ఆయన ఏడాదిగా అచ్చేసినవన్నీ వెనక అలమారలో బారులు తీరి ఉన్నాయి.

"మొహమాటపడకండమ్మా" అన్నాడాయన మర్యాదగా. "మీ తీర్పు మీద నాకు పూర్తి నమ్మకం." ఇంతకంటే గొంతు నొక్కేది ఇంకేముంటుంది చెప్పండి.

కిందికొచ్చి అమ్మాయికి ఫోన్ చేసింది. "నేను రాసినవన్నీ పట్టించుకోకమ్మా."

"లేదు మేడం, ప్రతి మాటా నిజమే. అప్పుడే మొదలుపెట్టేశాను కూడా" అందా అమ్మాయి. తల్లి పాత్ర నా మనసులోంచి పోవడం లేదని చెప్పబోయింది తక్కెడమ్మ. జన్మలో ఎవరితోనూ అనని మాట, నాలుక మీదికి రాలేదు. "సరే, చూసుకో" అని పెట్టేసింది. ఆ ‘చూసుకో’ను తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తన్ను తాను తిట్టుకుందో.

ఎండలు ముదిరాక కొత్త ప్రతి వచ్చింది. అమ్మాయే స్వయంగా తెచ్చి, చెప్పినా వినకుండా గది బయట మెట్ల మీద కూర్చుంది. తక్కెడమ్మ పెన్సిలు చెక్కి పెట్టుకుని చదివింది. సుంకం సరిగ్గా వసూలవుతోంది. యుద్ధం చిటికెలో ముగిసింది. రాకుమారుడు లేడు. కథ మొదలవకముందే తల్లి జ్వరంతో పోయింది. పడవకు చిల్లే పడలేదు. కథ ఎక్కడా ఆగలేదు, ఏ పక్కకూ ఒరగలేదు. పెన్సిలు మొన కాగితానికి తగల్లేదు.

తలుపు తీసి అడిగింది. "పాతది ఉందా అమ్మా?"

"చింపేశాను మేడం. కంప్యూటర్లోంచి కూడా తీసేశాను. ఉంటే మనసు అటే పోతుందని." అమ్మాయి గోళ్ళన్నీ కొరికేసి ఉన్నాయి. "ఈసారీ కుదరలేదంటే ఇక రాయడం నావల్ల కాదు. నిజం చెప్పండి మేడం, పర్లేదు."

తక్కెడమ్మ లోపలికెళ్ళి కూర్చుంది. పనికిరాదంటే ఈ పిల్ల ఇక్కడితో ఆగిపోతుంది. పనికొస్తుందంటే ఇలాగే రాస్తూ పోతుంది. రెండు వైపులా చావే అయినప్పుడు ఏ పళ్ళెంలో ఏం వేసి తూచాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు. చివరికి ఒకే ఒక్క మాట రాసి, కాగితం పైకి పంపింది.

అల్లుడు పిలిపిస్తే పైకెళ్ళిన అమ్మాయి, కాసేపటికి దాదాపు దూకుతూ దిగి వచ్చింది. అచ్చుకు వెళుతోందట. తక్కెడమ్మ చేతులు పట్టుకుంది, కళ్ళ నిండా నీళ్ళు.

"బాగానే ఉందని రాశారట. ఒక్క తప్పు కూడా పట్టలేదట" అంది. "మూడో భాగం కూడా ఇలాగే రాస్తాను మేడం."