విప్పి చూపించమన్న అన్న

మొన్న మధ్యాహ్నం ఆదోనిలో మా కాలేజీ స్టాఫ్ రూములో అన్నం డబ్బా మూత తీస్తుంటే, ఆస్పరి నుంచి వచ్చే మా విద్యార్థిని గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. "మేడం, బస్టాండు ఎనక లాప్‌టాప్ అన్న పోయినాడంట. గుండెనొప్పంట." పక్కనున్న లెక్చరరు "ఎవరాయన?" అని అడిగాడు. "ఏవో రిపేర్లు చేసేవాడు లెండి" అన్నాను. నా చదువు నిలబెట్టిన మనిషి గురించి నా నోట వచ్చిన మాట అది. ఆ తర్వాత సిగ్గు లేకుండా అన్నం కూడా తిన్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన గురించి మాట్లాడే అర్హత నాకుందో లేదో చదివేవాళ్లే తేల్చాలి.

మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. ఎంసీఏలో చేరినప్పుడు లాప్‌టాప్ లేకపోతే కుదరదన్నారు. షోరూములో ధరలు విని మా నాయన బయటికి వచ్చేశాడు. ఎవరో చెబితే ఆదోనిలో ఈ అన్న దగ్గరికి పోయాం. బస్టాండు వెనక పత్తి గోదాము పక్క సందులో, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి బయట నిలబడాల్సినంత చిన్న అంగడి. బెంగళూరు ఆఫీసులు వదిలించుకున్న పాత లాప్‌టాప్‌లు తెచ్చి, ఒకదాని తెర, ఇంకోదాని బ్యాటరీ కలిపి, ఎవరికి ఎలా కావాలో అలా తయారుచేసి ఇచ్చేవాడు. ఎంత పెట్టుకోగలరని కాదు, ముందు "ఏం సదువుతాండావు పాపా?" అని అడిగేవాడు.

పాతది కదా అని నాయన నసిగాడు.

"అప్పా, మగ్గంలో నాడె విరిగితే ఏం చేస్తావు?"

"ఇంకో నాడె ఏస్తా."

"మగ్గం పారెయ్యవు కదా. ఇదీ అంతే."

ర్యామ్ అనే మెమరీ ముక్కను మాత్రం నా చేతే పెట్టించాడు. కొన్న ప్రతివాళ్ల చేతా అలాగే పెట్టించేవాడట. విరుగుతుందేమోనని నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "బయపడొద్దు పాపా. నీ వస్తువు లోపల ఏముందో నీకు తెలియల్ల. రేపు యాడ కొన్నా ముందు విప్పి సూపియ్యమను. విప్పనియ్యనోని దగ్గర కొనొద్దు" అన్నాడు. నేను నొక్కగానే టక్కుమని అది కూర్చుంది. ఒక చిన్న స్క్రూడ్రైవర్ కూడా చేతిలో పెట్టాడు. కీబోర్డులో ఒక మీట విరిగి ఉంటే వేరేదాని తెల్లమీట బిగించాడు. నల్లటి వాటి మధ్య అది పాలపన్నులా కనిపించేది. చదువుకున్నన్నాళ్లూ ఏ చిన్న రిపేరొచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఆ లాప్‌టాప్‌తోనే చదువు పూర్తయింది. ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్షే.

ఉద్యోగంలో చేరాక స్టాఫ్ రూములో ఆ తెల్లమీటను చూసి నవ్వారు. నాకు రోషం వచ్చింది, వాళ్ల మీద కాదు, ఆ లాప్‌టాప్ మీద. వారం తిరక్కుండా సన్నటి కొత్తది కొన్నాను. విప్పి చూపించమని అడగలేదు. పాతది అటకెక్కింది.

పోయినేడు మా కాలేజీ, విద్యార్థుల కోసం లాప్‌టాప్‌లు కొనాలనుకుని అమ్మేవాళ్లను ప్రిన్సిపాల్ గదికి పిలిచింది. అన్న కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అప్పటికే ఆయనకు గిరాకీ పడిపోయింది. ఈ ఆర్డరు వస్తే అంగడి నిలబడుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కంపెనీ మనిషి మెరిసే లాప్‌టాప్ ఒకటి బల్ల మీద పెట్టాడు. అన్న దాన్ని బోర్లించి, "ఒకసారి విప్పి సూపియ్యప్పా" అన్నాడు.

ఆ మనిషి నవ్వాడు. "విప్పితే వారంటీ పోతుందండీ."

"ర్యామ్ బోర్డుకే అతికించేసింటారు సార్" అన్నాడు అన్న ప్రిన్సిపాల్‌తో. "రేపు పిల్లోళ్లకు సాలకపోతే పెంచేకి కాదు. నావి పాతవే, కానీ ఏది పోతే అది మార్సుకోవచ్చు."

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు. "కంప్యూటర్ల మేడం మీరే కదా, ఏమంటారు?"

అన్న నా ముఖం చూశాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదని నాకు తెలుసు. కానీ ఆ పాత సామాన్ల మనిషి నాకు తెలుసని అందరి ముందూ ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. "కొత్తవే మేలు సార్" అన్నాను.

బోర్లించిన లాప్‌టాప్‌ను ఆయన మళ్లీ సరిగ్గా పెట్టాడు. పోతూ పోతూ నాతో "వస్తా మేడం" అన్నాడు. అన్నేళ్లు పాపా అని పిలిచిన మనిషి. ఆ తర్వాత రోడ్డు మీద రెండు మూడు సార్లు ఎదురుపడ్డాడు. ప్రతిసారీ "బాగుండారా మేడం" అనే అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న ఆ ఆస్పరి పిల్ల తన లాప్‌టాప్ మా ఇంటికి పట్టుకొచ్చింది. కాలేజీ ఇచ్చినదే. ప్రాజెక్టు తెరిస్తే చాలు, బిగుసుకుపోతోందట. "అన్న ఉంటే ఆయనకే సూపిస్తాంటి" అంది. బీరువా అడుగు నుంచి అన్న ఇచ్చిన స్క్రూడ్రైవర్ వెతికి తీశాను. స్క్రూలు విప్పి మూత ఎత్తాను. ఆయన చెప్పినట్టే ఉంది. ఇంకో ర్యామ్ పెట్టడానికి చోటే లేదు, అన్నీ ఆ బోర్డుకే అతుక్కుని ఉన్నాయి.

"పెంచొచ్చా మేడం?" అని అడిగింది.

మూత పెట్టి ఒక్కొక్క స్క్రూ బిగించాను. అన్నీ బిగించడం అయిపోయింది. ఆ పిల్ల నా జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది.