అడుగు బురద

రేవులో పూడిక తీసే డ్రెడ్జర్ నడిపే మనిషిని అందరూ బురదయ్య అనేవారు. ఆ పేరు పెట్టింది వాళ్ళక్క. "మా బురదయ్య వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాకే లోపలికి" అని గుమ్మంలోనే ఆపేది. అతను పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతోనే ఉండేవాడు. సముద్రం వెనక్కి వెళ్ళినప్పుడు ఆవిడ, ఓడలు రేవులోకి వచ్చే పాయ ఒడ్డున మోకాళ్ళ లోతు బురదలో దిగి గుల్లలు ఏరి అమ్మేది. మిగిలినవి ఇద్దరికీ కూర.

ఎగువన లోహాలు కరిగించే ఫ్యాక్టరీ ఒకటి ఎప్పుడో మూతపడింది. దాని సీసం, కాడ్మియం పాయ అడుగున పేరుకున్నాయనీ, ఆ బురదను కదపకపోవడమే మేలనీ పరీక్షలకు వచ్చినవాళ్ళు చెప్పారు. పెద్ద ఓడలు రావాలి కనుక రేవు అధికారులు తవ్వమన్నారు. ఆ మాటలన్నీ బురదయ్య చెవిన పడ్డాయి. నేను కాకపోతే ఇంకొకడు తవ్వుతాడులే అనుకున్నాడు. ఆ వేసవంతా పాయ నీళ్ళు కషాయంలా పారాయి.

తర్వాత రెండేళ్ళకు అక్క నడుం పట్టేసింది. వయసు కదా అనుకున్నారు. ఒక ఉదయం గంప ఎత్తబోతే మణికట్టు పుటుక్కుమంది. ఎముకలు గుల్లబారాయనీ, కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయనీ డాక్టరమ్మ చెప్పింది.

"గుల్లలు ఎప్పట్నించి తింటున్నారు?"

"పళ్ళొచ్చినప్పట్నించీ తల్లీ. అన్ని గుల్లలు తిన్నాక ఎముకలు గుల్ల కాక ఏమవుతాయి" అని అక్క నవ్వింది.

బురదయ్యకు నవ్వు రాలేదు. "మేం తవ్వబట్టేనా అమ్మా?" అని అడిగాడు.

"ఈ కాడ్మియం ఏళ్ళ తరబడి ఒంట్లో చేరే విషం. తవ్వకముందు ఎంత చేరిందో, తవ్వాక ఎంత చేరిందో ఎవరూ చెప్పలేరు."

తప్పు తనదని తేలితే ఏడ్చేవాడు. కాదంటే నిద్రపోయేవాడు. రెండింటికీ వీల్లేకపోయింది.

మర్నాడు రేవు ఇంజినీరు దగ్గరికి వెళ్ళి, ఆ బురదను ఇసుకతో కప్పేయలేమా అని అడిగాడు.

"ఎక్కడని కప్పుతాం? పిండిలో కలిసిన ఉప్పును ఏరగలమా?" అన్నాడు ఇంజినీరు. గొంతు తగ్గించి, "మా ఇంట్లోనూ మీ అక్క దగ్గరే కొనేవాళ్ళం" అన్నాడు.

బురదయ్య పని మానేశాడు. ఒడ్డున గుల్లలు ఏరరాదని బోర్డు పెట్టారు. అక్క మంచం పట్టింది. దగ్గితే పక్కటెముక విరిగే స్థితికి వచ్చింది. అయినా నోరు ఊరుకునేది కాదు.

"ఇంట్లో కూర్చుని నా మొహం చూస్తే ఎముకలు అతుక్కుంటాయట్రా? పనికెళ్ళు."

"ఆ పనికి మాత్రం వెళ్ళనక్కా."

"ఇంకేం పనొచ్చు నీకు?"

వానాకాలం రాకముందే ఆవిడ పోయింది. పాయ మళ్ళీ పూడింది. రేవువాళ్ళు కబురు పెట్టారు. అతను వెళ్ళాడు.

డ్రెడ్జర్ తొట్టి మొదటిసారి నీళ్ళలోకి దించుతుంటే, ఒడ్డున బోర్డు పక్కనే చీరలు ఎగదోపి గుల్లలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు కనిపించారు. వద్దని కేకేశాడు, చేతులు ఊపాడు. ఇంజను రొదలో వాళ్ళకు మాట వినిపించలేదు. అందులో ఒకామె నవ్వి, తిరిగి చెయ్యి ఊపింది.