పుట్టింటి ఇంటిపేరు

నా కొడుక్కి మా పుట్టింటి ఇంటిపేరునే పేరుగా పెట్టాను. నైజాం పాలన చివరి రోజులవి. వరంగల్‌లో మా పుట్టిల్లున్న నేతగాళ్ల వీధిలో ఆ ఇంటిపేరు మా ఒక్క ఇంటికే ఉండేది. దాన్ని నిలబెట్టాల్సిన నా ఒక్కగానొక్క తమ్ముడు గత్తర సోకి రెండు రోజుల్లో పోయాడు. అప్పుడు నాకు ఏడో నెల.

ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసి ఆ పేరు పిలిచేసరికి మా అత్త లేచింది.

“ఇంటిపేరు ఎవలన్న పోరనికి పెడ్తరా?”

కొట్లాడితే కొట్లాడనీ అనుకున్నాను. పెళ్లవగానే నా పేరు ముందునుంచి దాన్ని తీసేశారు. తమ్ముడితో పాటు అది మట్టిలో కలిసింది. ఇంకెక్కడ దాచుకోను? అమ్మ మాత్రం ఏడ్చింది. సంతోషమే అనుకున్నాను.

బిడ్డ నడక నేర్చాక పుట్టింటికి వెళ్లాను. వాడు వీధిలోకి ఉరికితే వాకిట్లోంచి పేరు పెట్టి కేకేశాను. లోపల కండెలు చుడుతున్న అమ్మ, చేతిలో నూలు వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూసింది.

మా వీధిలో ఇంటికొకడికి ఒకే దేవుడి పేరు. అందుకే తమ్ముణ్ణి దోస్తులంతా ఇంటిపేరుతోనే పిలిచేవారు. రోజూ పొద్దున అదే వాకిట్లో నిలబడి అలాగే కేకేసేవారు. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో!

“వాని దోస్తులు పిలుస్తాండ్రనుకున్న బిడ్డా,” అంది అమ్మ. “జర మెల్లగ పిలువు.”

అమ్మ బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో నా కొడుక్కి పేరు లేదు.