శుభలేఖతో బిగించిన గొడ్డలి

నవ్వకండర్రా. మొన్న ఆదివారం అత్తారింట్లో నేను చచ్చిపోయాను. అవును, నేనే! వీధి వీధంతా ఏడ్చీసింది కూడా. ముందు మొత్తం వినండి, తర్వాత ఎంత నవ్వుతారో నవ్వండి.

నరసన్నపేట అవతల మా అత్తారి ఊరు తెలుసు కదా. పెళ్లయి నాలుగు నెలలే. కొత్త అల్లుణ్ణని నన్ను పుల్ల తీసి ఇటు అటు పెట్టనివ్వరు. మంచం మీద కూర్చుని ఎంతసేపని జంతికలు నములుతాం? అరుగు మీద మావయ్య గొడ్డలి కనిపించింది. కామ, అదే, పట్టుకునే కర్ర విరిగిపోతే కొత్తది చెక్కించి పక్కనే పెట్టారు. వడ్రంగి వచ్చి ఎక్కించడమే తరువాయి.

"ఆ మాత్రం నేను ఎక్కించలేనా?" అన్నాను మా ఆవిడతో.

సత్యవతి గొంతు మీరు వినలేదు. అదీ మీ అదృష్టం!

"మీకేటి వచ్చండీ, కలం పట్టుకోడం తప్ప? అది మా తాత గొడ్డలి. దాన్ని ముట్టుకున్నారంటే మరి నాతో మాటాడకండి!"

చుట్టుపక్కల నాలుగిళ్లూ విన్నాయి. అత్తవారింట్లో పరువు పోయింది కదా! ఎలాగైనా ఆ గొడ్డలి బిగించి, కట్టెలు కొట్టి, మావయ్య పొలం నించి వచ్చేసరికి మోపు పేర్చీయాలి అనుకున్నాను.

సత్యవతి వంటింట్లోకి వెళ్లగానే కామ ఎక్కించాను. ఎక్కింది గానీ వదులు! సందులో చెక్కముక్క దిగ్గొట్టాలట, అది నాకేం తెలుసు? ఆఫీసులో నా టేబులు కాలు ఊగితే కాగితం మడిచి పెడతాను కదా. మూడేళ్లయింది, కదల్లేదు. ఇక్కడా అదే ఫార్ములా! గూట్లో దళసరి కార్డేదో కనిపించింది. చూడకుండా నాలుగు మడతలు పెట్టి సందులో కుక్కీశాను. ఊపి చూస్తే, ఫస్ట్ క్లాస్!

ఎండు చింతమొద్దు నూతి పక్కనే పడుంది. కొత్త టెర్లిన్ చొక్కాకి చెమట పడుతుందని విప్పి, మడిచి నూతి గట్టు మీద పెట్టాను. వాచీ విప్పి చొక్కా మీద పెట్టాను. చెప్పులు కూడా అక్కడే. గొడ్డలెత్తాను. బలంగా ఒక్కటి వేశాను.

చేతిలో కర్రే ఉంది! గొడ్డలి లేదు!

"చచ్చాన్రా దేవుడా!" అని అరిచాను. ఆ వెంటనే నూతిలో ధబేల్‌మని చప్పుడు.

తాతల నాటి గొడ్డలి! మావయ్య వచ్చేలోగా పైకి తీయాలి. నూతిలో పడ్డ చేదలు తీసే కొక్కేలు వీధి చివర కరణం గారింట్లో ఉన్నాయి. చెప్పులైనా తొడుక్కోకుండా పెరటి దోవన బనీనుతోనే పరిగెత్తాను. వాళ్లు అటక మీంచి వెతికి తీసేసరికి అరగంట పట్టింది.

తిరిగొచ్చేసరికి నూతి చుట్టూ జనం! ఏడుపులు!

"ఎవరు పడ్డారు?" అన్నాను.

"ఈ ఇంటి అల్లుడట బావూ" అన్నాడు ఒకాయన, నూతిలోంచి చూపు తిప్పకుండా. "పొద్దున్న పెళ్లాం మాటన్నాదట. సచ్చానని అరిసి మరీ దూకీసినాడట. సిన్న వయసు, పాపం!"

"అయ్యయ్యో! ఇవిగో కొక్కేలు, తొందరగా దింపండి!" అని ఆయన చేతిలో పెట్టీశాను.

ఆ ఇంటికి అల్లుణ్ణి నేనొక్కణ్ణేనని తట్టడానికి కొంచెం టైం పట్టింది.

గట్టు పక్కన సత్యవతి నా టెర్లిన్ చొక్కా గుండెలకి పెట్టుకుని కూలబడి ఉంది. "ఒక్క మాటకే ఇంత పని సేసీసినారేటండీ! మరెప్పుడూ ఏటీ అనను, ఒచ్చీయండీ!" అని ఏడుస్తోంది. అది చూసి నాకూ కళ్లనీళ్లు వచ్చీశాయి.

"వచ్చాను, సత్యవతీ" అన్నాను.

అది తలెత్తి చూసి కెవ్వుమంది. మా అత్త "ఓలమ్మో!" అని వెనక్కి పడింది. సగం మంది పారిపోయారు.

సరిగ్గా అప్పుడే నూతిలోంచి మావయ్య గొంతు. పొలం నించి పరిగెత్తుకొచ్చి తాడు పట్టుకుని దిగీశాడట, పాపం! "ఏదో దొరికినాది! లాగండొరే!"

లాగారు. ఒళ్లంతా నీళ్లు కారుతూ, వణుకుతూ గట్టెక్కాడు. చేతిలో గొడ్డలి. ఎదురుగా నేను. నన్ను చూశాడు, గొడ్డలిని చూశాడు. గొడ్డలి కన్నంలోంచి తడిసిన కాగితం ముద్ద లాగి, నెమ్మదిగా మడతలు విప్పాడు. మూలలకి ఇంకా పసుపు ఉంది.

"అమ్మీ, ఇది నీ పెళ్లి శుభలేఖ కాదేటి?"

సత్యవతి ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"నాకోసం నూతిలో దూకినాడని ఇంతసేపూ ఏడిసినాను! దూకనేదు సరికదా, నా పెళ్లి శుభలేఖ తీసికెల్లి నూతిలో పారేసినాడు!"

నా చొక్కా నా మొహానే విసిరి లోపలికి వెళ్లిపోయింది. ఇంతవరకూ మాటల్లేవు. నిజంగా పోయుంటేనే నయం, మర్యాదగా ఏడ్చేది!

మర్నాడు వడ్రంగి వచ్చాడు. కామ ఎక్కించి, చెక్కముక్క చేత్తో పట్టుకుని నాకేసి తిరిగాడు. ఎంతో వినయంగా అడిగాడు:

"ఇది సాల్తాదా బావూ, నేకపోతే మా ఇంట్లో శుభలేఖ కూడా తెమ్మంటారా?"