బుడంకాయ చేసిన చిన్న పీపా

మా తమ్ముడి కూతురు చేసిన మొదటి చిన్న పీపా చుక్క కారకుండా నిలబడింది. ఆ పిల్ల గురించి ఎవరడిగినా నేను ముందు ఈ మాటే చెబుతాను. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని ఇంట్లో అందరం బుడంకాయ అని పిలుస్తాం, బయటా అదే పేరైంది.

సిర్కా, అదే వెనిగర్, నిలవపెట్టే చెక్క పీపాల పనిశాలలో చిత్రిక పొట్టు ఊడవడానికి చేరింది. "ఇందుకా నిన్ను చదివించింది?" అని వాళ్ళ నాన్న గొణిగాడు. నేనే సర్దిచెప్పాను. అది ఊడుస్తూనే కళ్ళతో పని నేర్చేసుకుంది.

ఒకరోజు, "పెదనాన్నా, పీపా అంటున్నాం గానీ, ఎక్కడిదీ మాట?" అని అడిగింది. నాది వానాకాలం చదువు. అయినా గ్రంథాలయానికి పోయి నిఘంటువులు తిరగేయించాను.

"పోర్చుగీసు ఓడలతో వచ్చిందట తల్లీ. వాళ్ళకి పీపా అంటే ద్రాక్షసారా పోసే పెద్దది. మనం చంకన పెట్టుకుపోయేదాన్ని కూడా అలాగే అంటున్నాం. ఇంకా వెనక్కి పోతే ఆ మాటకి అర్థం గొట్టం, దానికీ ముందు పిట్ట కూత!"

"అంత పెద్ద పేరు ఉన్నప్పుడు చిన్నదైనా గట్టిగా చెయ్యాలి కదా," అంది. మర్నాడే వెళ్ళి తనకీ ఒక పనిబల్ల కావాలని మేస్త్రిని అడిగింది.

"చిన్న పీపా చేసి చూపించు. నీళ్ళు నిలిస్తే కిటికీ పక్క బల్ల నీది. కారితే చీపురే," అన్నాడాయన.

చిన్నదంటే తేలికనుకునేరు. చెక్క పలక పొట్టిదయ్యేకొద్దీ వంగనని మొండికేస్తుంది. సెగమీద కాస్త తొందరపడితే ఫట్‌మని చీలుతుంది. మేకు కొట్టకూడదు, జిగురు పెట్టకూడదు, ఇనుప పట్టీల బిగింపుతోనే నిలవాలి. చీలిన పలకలెన్నో పొయ్యిలోకి పోయాయి.

చివరికి ఒకటి బిగించి నీళ్ళు పోసింది. సందుల్లోంచి కారుతూ పీపా కీచుమంది.

"ఏమే బుడంకాయా, పీపా చేశావా, పిట్టని చేశావా?" అని నవ్వాడు పట్టీలు బిగించేవాడు. ఆనక జాలిపడి మైనం ముద్ద అందించాడు. "లోపల రాసెయ్. మేస్త్రి భోజనానికెళ్ళాడు, ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాగా బాబాయ్! మైనం రాస్తే చెక్క నీళ్ళు తాగదు. తాగితే ఉబ్బి సందు అదే మూసుకుంటుంది," అని ముద్ద తిరిగిచ్చేసింది.

కారినంతా మళ్ళీ పోస్తూ కూర్చుంది. నేను వెళ్ళేసరికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అన్ని నీళ్ళ పక్కన కూర్చుని తను మాత్రం గుక్కెడు తాగలేదు, మొండిది!

సాయంత్రం మేస్త్రి పీపా కింద పొడి పొట్టు చల్లి, చాలాసేపు ఆగి, వేళ్ళతో నలిపి చూశాడు. పొట్టు పొడిగానే ఉంది. కిటికీ పక్క బల్లమీదున్న తన సామాన్లు తీసేశాడు.

ఇవాళ మూతకి గాడి తీయడంలోనూ, పగిలిన పలక మార్చడంలోనూ దానికి సాటి ఎవరో చూపించండి! రేవు ఊళ్ళో సిర్కా గిడ్డంగిలో పెద్ద పీపాలు కారుతుంటే, "బుడంకాయగారినే పంపండి" అని కబురొచ్చింది. గారు అన్నారు, విన్నారా! అది అక్కడికే వెళ్ళింది.

మొన్న పనిశాలకి వెళ్తే, కిటికీ పక్క బల్లమీద ఎవరో అన్నం డబ్బా పెట్టారు. మేస్త్రి కసిరాడు: "తియ్యవయ్యా అక్కణ్ణుంచి! ఆ అమ్మాయి మార్చి పన్నెండుకి వచ్చేస్తుంది."