సిస్టరమ్మ చెప్పని కబురు

ఒక చావును దాచిపెట్టడం ఎన్ని రోజుల వరకు దయ? ఏ రోజు నుంచి అన్యాయం? ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ సంగతి నాతో పాటు తెలిసిన ఒకే ఒక్క మనిషి మొన్న బుధవారం పొద్దున పోయింది. ఆమె శంషాబాద్‌లో మా పక్కింటి సిస్టరమ్మ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమందికి ఆమె పురుడు పోసిందో ఆమెకే గుర్తులేదు.

ఎనిమిదేళ్ళ కింద పట్నంలో మతాల గొడవలు జరిగిన ఆ చలికాలం, మా వైపు నుంచి పనికి పోయిన కొందరు తిరిగి రాలేదు. వాళ్ళలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. పక్కనున్న మామిడిపల్లిలో హిందువుల గల్లీకీ ముస్లిముల గల్లీకీ మధ్య మాటలు బందయ్యాయి. సిస్టరమ్మ ఎవరికీ నీతులు చెప్పలేదు. రెండు గల్లీల పిల్లలకూ ఒకే రోజు, ఒకే బెంచీ మీద టీకాలు పెట్టింది. "కన్నతల్లి పట్టుకుంటె చెయ్యి వదులైతది. ఆమె పోరన్ని నువ్వు పట్టు, నీ పోరన్ని ఆమె పడ్తది" అంది. మొహాలు తిప్పుకునే పట్టుకున్నారు. మరుసటి నెల ఒకామె రెండో ఆమెతో, "మీవోడు జర బరువైండు" అంది. అంతే. ఆ రోజుకు అదే చాలా ఎక్కువ.

అప్పట్లో నేను ఆమెకు తోడుగా, తిరిగి రానివాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదాన్ని. కొత్తగా యూనివర్సిటీ చదువు ముగించిన ఉత్సాహంతో అన్నీ రాసుకునేదాన్ని. "ఆ బుక్కు సంచిల పెట్టు బిడ్డా. ఏడ్చేటోళ్ళ ముంగట రాస్తుంటె కరెంటు మీటర్ చూడొచ్చినోని లెక్కున్నవ్" అనేది.

అలా రానివాళ్ళలో మామిడిపల్లి యాదమ్మ భర్త ఒకడు, ఆకుకూర గంపతో పట్నం పోయాడు. అప్పటికి ఆమెకు నెలలు నిండాయి. శవాలను గుర్తుపట్టడానికి ఆమె బదులు సిస్టరమ్మ పెద్ద దవాఖానకు వెళ్ళింది, నేను తోడు వెళ్ళాను. మొహం చూసి చెప్పే వీల్లేదు. కుడి పాదం మీద కుట్ల మచ్చ ఉంది. పార తగిలినప్పుడు ఆ కుట్లు వేసింది సిస్టరమ్మే. గుడ్డ మళ్ళీ కప్పి బయటికొచ్చి, "పురుడు కానీ. తర్వాత నేనే చెప్త" అంది. ఊళ్ళో మాత్రం, కనబడలేదని చెప్పింది. నేను పక్కనే నిలబడి తలూపాను.

పది రోజులకు ఆడపిల్ల పుట్టింది. ఆలోగా, ఎవరూ రాని శవాలన్నిటినీ కలిపి పూడ్చేశారు. ఇక చెప్పడమంటే, నీ మనిషిని ఇంటికి తెచ్చుకునే వీలుండె, నేనే పోగొట్టిన అని చెప్పడమే. వచ్చే ఆదివారం చెప్తా అనేది. ప్రతి ఆదివారం చర్చి కాగానే యాదమ్మ ఇంటికి పోయేది, పిల్లకు తల దువ్వి వచ్చేది. పుట్టింటివాళ్ళు ఇంకో సంబంధం తెస్తే, "మొగుడుండంగ మళ్ళ పెండ్లేంది?" అని యాదమ్మ వాళ్ళను తిప్పి పంపింది. ఆ మాట విన్నరోజు సిస్టరమ్మ అన్నం ముట్టలేదు.

పోయిన నెల మంచంలో ఉండగా అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"కాన్పులు చేసే చేతులు గివి. ముందు లోపలి పాణం చూసిన. బయటి పాణం తర్వాత చూద్దామనుకున్న. ఇగ ఆ తర్వాత రాలె."

నా వైపు తిరిగి, "నువ్వు చెప్తవా బిడ్డా?" అంది. చెప్పమని అడిగిందో, వద్దని బతిమాలిందో తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

సిస్టరమ్మ సమాధి దగ్గర యాదమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని నాతో, "మా ఆయన రాంగనే ముందు గీడికే తోలుకొస్త అక్కా. మమ్ముల సాకింది ఈమెనే అని చూపిస్త" అంది. నోరు తెరిచాను. పిల్ల తల్లి కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. "పొద్దుపోతది, పదండి" అన్నాను.

రోడ్డు మీద పట్నం నుంచి బస్సొచ్చి ఆగింది. యాదమ్మ వెంటనే ఎక్కలేదు. పిల్లను పక్కన నిలబెట్టుకుని, దిగే ఒక్కొక్క మగమనిషి మొహం చూసింది. కండక్టర్ కసిరితే అప్పుడు ఎక్కింది. ఆమెకు చెప్పాలో వద్దో నాకు ఇప్పటికీ తేలలేదు.