హనుమంతప్ప మందకు అంటగట్టిన రోగం

ఏళ్ళ తరబడి నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట ఒకటుంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నా అబద్ధం వల్ల ఒక మంచివాడి బతుకు చెడింది.

పెనుకొండ దగ్గర పశువుల మందులు పరీక్షించే ఒక ప్రభుత్వ కేంద్రంలో నేను సహాయకుణ్ణి. గొర్రెల బొబ్బ రోగానికి కొత్త టీకా వచ్చింది. పరీక్షకు ఆరోగ్యమైన గొర్రెలు కావాలి. ఆ చుట్టుపక్కల హనుమంతప్ప అనే కాపరి మందను మించినది లేదు. నేనే వెళ్ళి అడిగాను. టీకా వేసి తిరిగి పంపిస్తామన్నాను. నమ్మి కొన్ని గొర్రెపిల్లల్ని ఇచ్చాడు.

నేను చెప్పనిది ఒకటుంది. టీకా పనిచేస్తుందో లేదో తెలియాలంటే రోగాన్ని కూడా మేమే ఎక్కించాలి. సగం పిల్లలకు టీకా వేశాం, సగానికి వేయలేదు. రోగం మాత్రం అన్నిటికీ ఎక్కించాం. టీకా లేనివి ఒళ్ళంతా బొబ్బలై చచ్చిపోయాయి. బతికినవాటినీ బయటికి పంపే వీల్లేదన్నారు. పరీక్ష బాగా జరిగిందని పైవాళ్ళు మెచ్చుకుని, షెడ్డులో సంగతులు బయట చెప్పొద్దన్నారు.

హనుమంతప్ప వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు, నా గొర్రెలేవి అని. చెప్పొద్దన్నారు, నిజమే. కానీ అబద్ధం చెప్పమని ఎవరన్నారు? అది నా సొంత తెలివి. నీ మందలోనే రోగం ఉండింది, అందుకే చచ్చాయి అన్నాను. పక్కనే ఉన్న వాళ్ళ ఊరి రైతు ఆ మాట విన్నాడు.

మా వైపు కోతలయ్యాక రైతులు గొర్రెల మందను రాత్రిళ్ళు చేలో పడుకోబెట్టించుకుంటారు. చేనుకు ఎరువు, కాపరికి గింజలు. ఆ ఏడు హనుమంతప్ప మందను ఎవరూ చేలోకి రానివ్వలేదు. తోటి కాపర్లు దగ్గరికి కూడా రానివ్వలేదు. చివరికి అయినకాడికి అమ్ముకుని హిందూపురంలో ఏదో ఫ్యాక్టరీకి కాపలా పనికి పోయాడు.

తర్వాత ఒకసారి ధర్మవరం రైల్వే స్టేషన్‌లో కనబడ్డాడు. నేను తప్పుకునేలోపే వచ్చి చెయ్యి పట్టుకుని టీ ఇప్పించాడు.

"నా మందలో రోగముండేది నాకు తెల్దు సార్. తెలిసింటే ఇచ్చేవాణ్ణే కాదు. నా వల్ల మీ పని చెడిపాయ. మనసులో పెట్టుకోవద్దండి."

"పాత సంగతులు యాలప్పా ఇప్పుడు" అన్నాను.

టీ మొత్తం తాగాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నాకు కోపం వచ్చింది అతని మీదే. తిట్టి ఉంటే ఏం పోయేది? తిడితే నిజం చెప్పేసేవాణ్ణేమో. చెప్పేవాణ్ణా? ఇది కూడా నన్ను నేను వెనకేసుకురావడమేనా?

పరీక్షలకు ఏ జంతువును వాడారో, దానికి ఏమైందో ప్రజలకు తెలిసేలా బయటపెట్టాలని ఈమధ్య పైనుంచి మా ఆఫీసుకు చెప్పారు. ఆ పని నాకే అప్పజెప్పారు. పాతవి అక్కర్లేదు, ఇక్కణ్ణుంచి జరిగేవి చాలు అన్నాడు మా అధికారి. కాదు సార్, పాతవి కూడా పెడదాం అని ఒక్క మాట అనొచ్చు. తల ఊపి వచ్చాను. నాకు భయం ఉద్యోగం గురించి కాదు. నిజం తెలిశాక హనుమంతప్ప నన్ను చూసే చూపు గురించి.

అతని మందలో ఏ రోగమూ లేదు. రోగం మేం ఎక్కించాం. ఇంత రాశాక గుండె కొంచెం తేలికపడింది. ఆ మాత్రం తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదేమో. హిందూపురంలో హనుమంతప్ప ఇప్పటికీ తప్పు తనదేననుకుంటున్నాడు.